తెల్లారగట్ల వెళ్తే ముందు పిలుస్తారా?

పాఠకుల ప్రశ్నలు: వీసా సంగతులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే బెంగతో రాసినవి: లైను. కొన్నింటికి కలిపి ఒకేచోట జవాబిచ్చాం.

మా అమ్మాయి అమెరికాలో ఉంది. పురుటికి నేనూ, మా ఇంటావిడా వెళ్లాలి. హైదరాబాద్‌లో వీసా ఇచ్చే అమెరికా కాన్సులేటు దగ్గర రాత్రి రెండింటికే లైను కట్టేస్తారని, తెల్లారగట్ల వెళ్లకపోతే ఆ రోజు పని అవదని మా వీధిలో ఒకాయన అంటున్నాడు. ఈ వయసులో అంతసేపు నిలబడలేం. ఏటి చెయ్యాలి?
– రిటైర్డు ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

మాస్టారూ, రాత్రి రెండింటికి వెళ్తే గేటు దగ్గర మిమ్మల్ని పలకరించేవి దోమలే. అపాయింట్‌మెంట్ కాగితం మీద వేసిన టైము ప్రకారమే లోపలికి పిలుస్తారు. తొమ్మిదింటి వాళ్లు కదిలాకే తర్వాతి టైము వాళ్ల వంతు. మీ టైముకి అరగంట ముందు చేరితే చాలు. అంతకన్నా ముందు వెళ్తే రోడ్డు మీద ఎండకి నిలబడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

మీరు వెళ్లాల్సిన చోట్లు రెండు, రోజులూ రెండు. మొదటిది వేలిముద్రలు, ఫొటో తీసే కేంద్రం. అది మాదాపూర్‌లో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో ఉంది. రెండోది ఇంటర్వ్యూ జరిగే కాన్సులేటు. అది 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. అంతకుముందు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది. పాత రోజుల్లో వెళ్లొచ్చినవాళ్ల మాట పట్టుకుని ఇప్పటికీ బేగంపేట వెళ్లిపోయేవాళ్లున్నారు, జాగ్రత్త. స్లాట్లు తీసుకునేటప్పుడు వేలిముద్రలది ఇంటర్వ్యూకి ముందు రోజు ఉండేలా చూసుకోండి. మధ్యలో నాలుగు రోజుల ఎడం వస్తే లాడ్జీ ఖర్చు మీదే. భార్యాభర్తలిద్దర్నీ వీసా అపాయింట్‌మెంట్ వెబ్‌సైటులో ఒకే అకౌంటులో ఒకే గ్రూపుగా చేర్చుకుంటే ఇద్దరికీ ఒకే టైము దొరుకుతుంది. ఫీజు మాత్రం మనిషికి 185 డాలర్లు, విడివిడిగానే. కట్టిన రసీదు 365 రోజులు చెల్లుతుంది.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి అసలు చిక్కు గేటు దగ్గర కన్నా రైల్లోనే ఎక్కువ. శ్రీకాకుళం రోడ్డులో మీరు ఎక్కే విశాఖ, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చే బళ్లు. తుపాను రోజుల్లో అవి ఎప్పుడు దిగబెడతాయో చెప్పలేం. మంగళవారం వేలిముద్రలనుకుంటే ఆదివారం బండెక్కి సోమవారం దిగండి. పొద్దున్న బండి దిగి పది గంటలకి వేలిముద్రలకి పరుగెత్తే లెక్క వేసుకోవద్దు.

ఇంటర్వ్యూ రోజు సెల్‌ఫోను, స్మార్ట్ వాచీ, పవర్ బ్యాంకు, ఇయర్‌ఫోన్లు, పెద్ద సంచీ, ఇవేవీ లోపలికి రానివ్వరు. లోపల దాచిపెట్టే లాకర్లూ లేవు. కాబట్టి ఫోను లాడ్జీలోనో, తోడు వచ్చినవాళ్ల దగ్గరో వదిలేయండి. ఇద్దరూ ఫోనుల్లేకుండా బయటికొస్తారు కాబట్టి ఎక్కడ కలుసుకోవాలో తోడు వచ్చినవాళ్లతో ముందే అనుకోండి, ఒక చీటీ మీద నంబరు రాసి జేబులో ఉంచుకోండి. చేతిలో ఒక పారదర్శకమైన ఫైలు, అందులో పాస్‌పోర్టు (పాతవి ఉంటే అవీ), డీఎస్-160 (ఆన్‌లైన్‌లో నింపే వీసా దరఖాస్తు ఫారం) కన్ఫర్మేషన్ పేజీ, అపాయింట్‌మెంట్ కాగితం. టిఫిను చేసి, బీపీ, షుగరు మాత్రలు వేసుకునే బయల్దేరండి. లోపల కూడా తనిఖీకి ఒక వరుస, కాగితాలకి ఒక వరుస, కిటికీ దగ్గర ఇంకో వరుస ఉంటాయి. రెండు మూడు గంటలు పట్టినా కంగారుపడొద్దు. తెలుగులో మాట్లాడతామని చెప్పవచ్చు. తెలుగులో ఇంటర్వ్యూ చేస్తారు.

మా కోడలికి నెలలు నిండే టైముకి స్లాటు దొరకడం లేదు. అర్జెంటు కోటాలో అడగొచ్చా? డబ్బులిస్తే స్లాటు పట్టిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు.
– గృహిణి, బొబ్బిలి

అమ్మా, పురుటికి సాయం వెళ్లడాన్ని అర్జెంటు కింద లెక్కవేయరు. పెళ్లి, కాన్వొకేషను కూడా అంతే. దగ్గరి బంధువు చనిపోవడం, ప్రాణం మీదికొచ్చిన వైద్యం లాంటివాటికే ఆ దారి. దానికైనా ముందు ఫీజు కట్టి, ఎంత దూరంలో ఉన్నా సరే మామూలు స్లాటు ఒకటి తీసుకోవాలి. ఆ తర్వాతే ముందుకు జరపమని అర్జీ పెట్టాలి. స్లాటే లేకుండా నేరుగా అర్జెంటు అడిగేవాళ్లది అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడ మా మాట ఒకటి. సందర్శకుల వీసా పదేళ్లదాకా ఇస్తారు. కాబట్టి కోడలికి నెల తప్పిందని తెలిసే వరకూ ఆగనక్కర్లేదు. అబ్బాయి అక్కడ స్థిరపడ్డాడంటే ఆ ఏడే తల్లిదండ్రుల వీసా పని మొదలుపెట్టడం మేలు. ఆలస్యం పుట్టేది గేటు దగ్గరి లైనులో కాదు, కంప్యూటర్లో కనిపించే క్యాలెండరులో.

ఆ క్యాలెండరుని పదే పదే తెరిచి చూస్తే అకౌంటు కొన్నాళ్లు లాక్ అవుతుంది. రోజుకి రెండు మూడుసార్లు నిదానంగా చూడండి. దొరికిన తేదీని ముందు పట్టుకోండి, దగ్గరి తేదీ కనిపిస్తే మార్చుకోండి. అయితే 2025 జనవరి నుంచి ఉచితంగా మార్చుకునే అవకాశం ఒక్కసారే. రెండోసారి మార్చాలన్నా, ఇచ్చిన తేదీకి వెళ్లలేకపోయినా ఫీజు మళ్లీ కట్టాలి. కాబట్టి వారం ముందుకు జరిగే తేదీ కోసం ఆ ఒక్క ఛాన్సూ వాడేయొద్దు.

ఏజెంటు సంగతి: స్లాటుకి ఫీజు తప్ప వేరే ధర లేదు. కొందరు ఏజెంట్లు యంత్రంలాగా పనిచేసే సాఫ్ట్‌వేరుతో స్లాట్లు లాగుతారు. 2025 మార్చిలో అలా తీసుకున్న రెండు వేల దాకా అపాయింట్‌మెంట్లని అమెరికా ఎంబసీ రద్దు చేసి, ఆ అకౌంట్లనీ ఆపేసింది. అలా రద్దయితే ఏజెంటుకి పోయేదేమీ ఉండదు, మీ స్లాటు పోతుంది.

నెట్ సెంటర్లో అమెరికా వీసా ఫారం (డీఎస్-160) నింపించాం. పుట్టిన తేదీ తప్పు పడిందని మళ్లీ కొత్త ఫారం చేయించాం. ఇప్పుడు చేతిలో రెండు కన్ఫర్మేషన్ పేజీలున్నాయి. ఏది తీసుకెళ్లాలి?
– నరసన్నపేట పాఠకుడు

కొత్తదే తీసుకెళ్లాలి. కానీ తీసుకెళ్తే సరిపోదు. అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడు మీ అకౌంటులో పాత ఫారం నంబరు ఎక్కించి ఉంటారు. కన్ఫర్మేషన్ పేజీ మీద ‘ఏఏ’తో మొదలయ్యే నంబరు, బార్‌కోడు ఉంటాయి. ఆ నంబరూ అకౌంటులో ఉన్న నంబరూ ఒకటే కావాలి. కలవకపోతే ఇంటర్వ్యూ చేయకుండా వెనక్కి పంపేస్తారు. శ్రీకాకుళం నుంచి అంత దూరం వెళ్లి ఒక్క అంకె కోసం తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. ఆఖరి రోజుల దాకా ఉంచక, కనీసం వారం ముందే అకౌంటు తెరిచి కొత్త నంబరు ఎక్కించి, అపాయింట్‌మెంట్ కాగితం మళ్లీ ప్రింటు తీయండి.

నెట్ సెంటరుకి వెళ్లేవాళ్లందరికీ ఇంకో మాట. ఫారంలోనూ, అకౌంటులోనూ మీ సొంత ఈమెయిలు, మీ సొంత ఫోను నంబరే ఇవ్వండి. చాలాచోట్ల త్వరగా అయిపోతుందని సెంటరు అబ్బాయి తన మెయిలు పెట్టేస్తాడు. తర్వాత కబుర్లన్నీ అతనికే పోతాయి, అతను సెంటరు మూసేస్తే పాస్‌వర్డూ పోతుంది. ఫారం మొదలుపెట్టగానే వచ్చే అప్లికేషన్ నంబరు, రహస్య ప్రశ్నకి ఇచ్చిన జవాబు కాగితం మీద రాసుకోండి. ఇరవై నిమిషాలు ఏమీ కొట్టకుండా ఉంటే ఆ పేజీ మూసుకుపోతుంది. సగం నింపిన ఫారాన్ని నంబరుతో మళ్లీ తెరవొచ్చు.

ఫొటో రెండంగుళాల చదరం, తెల్లటి బ్యాక్‌గ్రౌండు, కళ్లజోడు తీసేసి, ఆరు నెలల్లోపు తీసినది. ఇదివరకు వీసా కాదన్నారా అన్న చోట నిజమే రాయాలి. ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతారు. మనవడు తెరిచిచ్చిన ఫేస్‌బుక్ అయినా లెక్కలోకే వస్తుంది.

నా పాస్‌పోర్టులో రాజాం, శ్రీకాకుళం జిల్లా అని ఉంది. ఇప్పుడు మాది విజయనగరం జిల్లా. అమెరికా వీసాకి ముందు మార్పించుకోవాలా?
– రాజాం పాఠకుడు

వీసా కోసమైతే అక్కర్లేదు. పుట్టిన చోటు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఎక్కించండి. డీఎస్-160 అడిగేది ఊరు, రాష్ట్రం, దేశం. జిల్లా గొడవ అందులో లేదు. ఇప్పటి చిరునామాలో మాత్రం ఇప్పటి జిల్లా రాయండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పొచ్చు.

మా తమ్ముడు దుబాయ్ వెళ్లాలి. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంది, ఇంటిపేరు గడి ఖాళీ. టికెట్టు తీసేయమంటున్నాడు ఏజెంటు. తియ్యొచ్చా?
– కంచిలి పాఠకుడు

బాబూ, టికెట్టు ఇప్పుడే తియ్యొద్దు. పాస్‌పోర్టులో పేరు, ఇంటిపేరు గడుల్లో ఒకటి ఖాళీగా ఉన్నవాళ్లకి విజిట్ వీసా ఇవ్వబోమని దుబాయ్ ఉన్న యూఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన పెట్టింది. ఉద్దానం ఊళ్లలో ఈ చిక్కు ఎక్కువ. బడిలో ఇంటిపేరుని ఒక పొడి అక్షరంగా రాయించి, పాస్‌పోర్టు దగ్గర ఆ అక్షరం కూడా వదిలేస్తారు. దీనికి మందు పాస్‌పోర్టు రీఇష్యూ. విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు పరిధిలో దరఖాస్తు పెట్టి, ఇంటిపేరుని పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించాలి. ముప్పై ఆరు పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగు ముందే సరిచేసుకోండి. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకోలా ఉంటే అక్కడ ఇంకో తిరుగుడు మొదలవుతుంది.

అమెరికా వాళ్ల ఫారం మాత్రం ఒక్క పేరుతోనూ నడుస్తుంది. ఉన్న పేరుని సర్‌నేమ్ గడిలో పెట్టి, గివెన్ నేమ్ గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (FNU, అంటే మొదటి పేరు తెలియదు) అని కొట్టాలి.

అడగకపోయినా ఒకటి చెప్తాం. తమ్ముడు వెళ్లేది పనికైతే విజిట్ వీసా మీద పంపొద్దు. ‘అక్కడికెళ్లాక మారుస్తాం’ అనేవాడి మాట నమ్మొద్దు. పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద ఉంటుంది. గల్ఫ్ దేశాలకి పనికి వెళ్లాలంటే వాళ్లకి ఎమిగ్రేషన్ క్లియరెన్సు (పనికి దేశం దాటడానికి ప్రభుత్వ అనుమతి) కావాలి. ఏజెంటు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైనవాడో కాదో చూడండి. నమోదైన ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు ఇమ్మనండి, ఇవ్వడు.

జీడిపప్పు వ్యాపారం మాది. అక్టోబరులో జర్మనీలో ఆహార పదార్థాల ప్రదర్శనకి వెళ్లి, రెండు రోజులు పారిస్ చూసి రావాలి. ఎవరి వీసా అడగాలి? స్లాటు ఎప్పుడు చూసుకోవాలి?
– పలాస వ్యాపారి

జర్మనీదే. షెంగెన్ దేశాలకి (ఉమ్మడి వీసా ఉన్న యూరప్ దేశాలకి; జర్మనీ, ఫ్రాన్సు అందులోవే) ఒక్క వీసా చాలు, కానీ ముఖ్యమైన పని ఎక్కడుందో, ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. పారిస్ స్లాటు తొందరగా దొరికిందని ఫ్రాన్సుకి పెట్టి, హోటల్ బుకింగులు జర్మనీవి చూపిస్తే కాదంటారు.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, పదిహేను రోజులకన్నా తక్కువ ఉంటే తీసుకోరు. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు, అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చు. అక్టోబరు ప్రయాణానికి జూన్‌లోనే స్లాటు పట్టండి. మే నుంచి ఆగస్టు దాకా సెలవులకి పోయేవాళ్లతో దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రాలు నిండిపోతాయి. వీసా తేలేదాకా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది, ఈలోగా వేరే దేశానికి వ్యాపారం పని పెట్టుకోకండి.

ఫీజు 90 యూరోలు, వీఎఫ్‌ఎస్ రుసుము దానికి అదనం. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు. అమెరికాకి తీసిన చదరపు ఫొటో ఇక్కడ పనికిరాదు. పాస్‌పోర్టు పదేళ్లలోపు తీసినది కావాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్సు కావాలి. అది మీరు షెంగెన్‌లో ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. ఒక్క రోజు తక్కువైనా కౌంటరులో ఆపుతారు. బ్యాంకు స్టేట్‌మెంటులో వ్యాపారం లావాదేవీలు కనబడాలి. దరఖాస్తుకి వారం ముందు బావమరిది దగ్గర నుంచి వచ్చిపడ్డ పది లక్షలు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి.

ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు చెల్లుతాయి. 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకో వెసులుబాటు ఉంది. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడినవాళ్లకి రెండేళ్ల వీసా, దాని తర్వాత ఐదేళ్లది ఇస్తారు. ప్రదర్శనలకి తరచూ వెళ్లేవాళ్లు పాత వీసాల జెరాక్సులు తప్పక జతచేయండి.

అమెరికా వీసా ఇంటర్వ్యూకి ఫైలు నిండా కాగితాలు పట్టుకెళ్లాం. పట్టా పాసు పుస్తకం, ఇంటి విలువ సర్టిఫికెట్టు, ఒక్కటీ చూడలేదు. రెండు నిమిషాల్లో ఒక కాగితం చేతిలో పెట్టి పంపేశారు. మళ్లీ వెళ్తే లాభం ఉందా?
– చీపురుపల్లి పాఠకుడు

ఆ కాగితం మీద అమెరికా వలస చట్టంలోని ఏ సెక్షను రాసుందో ముందు చూడండి. 221(జీ) అయితే ఇంకా ఏదో కావాలని, లేదా పరిశీలనలో ఉందని అర్థం. అడిగినవి పంపితే ఫైలు కదులుతుంది. 214(బీ) అయితే తిరిగొచ్చేస్తారన్న నమ్మకం కుదరలేదని అర్థం. దానికి అప్పీలు లేదు, ఫీజు తిరిగి రాదు. మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చు. కానీ అదే జవాబులు, అదే పరిస్థితి ఉండగా నెలలోనే పెడితే ఇంకో 185 డాలర్లు ధారపోసినట్టే.

వాళ్లు కాగితాల కన్నా జవాబులకే విలువిస్తారు. ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు, ఖర్చు ఎవరిది, ఇక్కడ ఏం చేస్తారు. ఈ నాలుగింటికీ ఫారంలో రాసిందీ నోటితో చెప్పేదీ ఒకటే అయ్యుండాలి. ఫారంలో నెల అని, కిటికీ దగ్గర ‘ఆరు నెలలుంటామండీ’ అంటే పడిపోతుంది. పురుటికి వెళ్తూ ‘చూడ్డానికి’ అని దాచేవాళ్లున్నారు, అక్కర్లేదు. మనవడో మనవరాలో పుడుతోందని చెప్పడం తప్పేం కాదు.

మా అబ్బాయి హైదరాబాద్‌లోనే ఉంటాడు. వీసా వేసిన పాస్‌పోర్టులు వాడు తీసుకోవచ్చా?
– విజయనగరం పాఠకురాలు

ఇప్పుడు కుదరదమ్మా. 2025 ఆగస్టు నుంచి అమెరికా వీసా పాస్‌పోర్టుని ఎవరిది వాళ్లే వెళ్లి తీసుకోవాలి, లేదంటే మనిషికి 1,200 రూపాయలు కట్టి ఇంటికి తెప్పించుకోవాలి. విజయనగరం నుంచి ఇద్దరి రానుపోను చార్జీలతో చూస్తే కొరియరే చవక. అందగానే వీసా స్టిక్కరు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే టికెట్లు కొనేలోపే కాన్సులేటుకి రాయాలి.