పాత బోరులోంచి కేసింగ్ పైపు లాగే జాకీ: ఎలా పనిచేస్తుంది, మనమే చేయించుకోవచ్చా?

ముందుగా ఒక మాట. ఆ రిగ్గుతో, అంటే బోరు వేసే బండితో, ఇంకోసారి లాగకండి.

మీది ఆరంగుళాల ఇనుప కేసింగ్ (బోరు గోడలు కూలకుండా దించే పైపు), 30 మీటర్ల లోతు, దించి చాలా ఏళ్లయింది అన్నారు. రిగ్గు కట్టి లాగితే బండి ముందు చక్రాలు లేచాయి కానీ పైపు కదల్లేదు అన్నారు. ఇలాంటి పైపులు లాగడానికి వేరే పరికరం ఏదైనా ఉంటుందా, ఎలా పనిచేస్తుంది, వర్క్‌షాపులో చేయించుకోవచ్చా అని మీ ప్రశ్న. ఉంటుంది, చేయించుకోవచ్చు కూడా. మేం చేయించుకుని చాలా బోర్లలో వాడాం. కానీ అంతకుముందు ఒక బోరు చేతులారా పాడు చేసుకున్నాం. ఆ సంగతి ముందు చెబుతాను, మీరు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు కాబట్టి.

అది కూడా మీలాంటి పైపే. క్రేన్ తెప్పించి, పైపు తలకు క్లాంపు బిగించి, కొక్కెం తగిలించాం. మెల్లగా లాగితే రాలేదు. కాస్త వదిలి, మళ్లీ ఒక్క ఉదుటున లాగాం. నాలుగో ఊపుకి లోపల ఎక్కడో గట్టిగా శబ్దం వచ్చి, పైపు జర్రున పైకి లేచింది. వచ్చేసిందని అందరం సంబరపడ్డాం. తీరా చూస్తే వచ్చింది మొదటి రెండు పైపులే. రెండో పైపు అడుగు అంచున మర, అంటే పైపులు ఒకదాంట్లో ఒకటి బిగించే చుట్లు, చూశాను. తుప్పు కింద లోహం కొత్తగా మెరుస్తోంది, మర గట్లన్నీ చెక్కేసినట్టు చదునైపోయాయి. మా మేస్త్రీ దాని మీద బొటనవేలు పెట్టి ఒక చుట్టు తిప్పి, పైపు పక్కన పెట్టేశారు. మిగతా కేసింగ్ అంతా భూమిలోనే ఉండిపోయింది. పైన పట్టుకోవడానికి కొస లేదు, గోడలు కూలి మట్టి దాని మీద పడింది. ఆ బోరు మళ్లీ చేతికి రాలేదు.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాం. ఆరంగుళాల పైపు బయటి వ్యాసం 168 మిల్లీమీటర్లు. గోడ మందం 7.1 మిల్లీమీటర్లయితే మీటరుకు 28 కిలోలు, అంటే 30 మీటర్లకు 850 కిలోలు. బరువు అసలు సమస్యే కాదు. మట్టికి ఆనుకుని ఉన్న పైపు పైతలం దాదాపు 16 చదరపు మీటర్లు. మట్టి పట్టు చదరపు మీటరుకు ఒక్క టన్నే అనుకున్నా 16 టన్నులు. బంకమట్టి అయితే ఇంకా ఎక్కువ. మనం నిజంగా లాగుతున్నది పైపుని కాదు, ఆ పట్టుని. ఆ పట్టుకి ఒక గుణం ఉంది: కదలనంతసేపు చాలా బలంగా ఉంటుంది, ఒకసారి కదిలాక బాగా తగ్గుతుంది. అందుకే పనంతా మొదటి అంగుళంలోనే ఉంటుంది.

ఇక పరికరం సంగతి. దీన్ని కేసింగ్ జాకీ అంటాం. పైపుకి అటూ ఇటూ రెండు హైడ్రాలిక్ సిలిండర్లు నిలబెడతాం. వాటి తలల మీద అడ్డంగా ఒక దిట్టమైన దూలం, దాని మధ్యలో పైపు దూరేంత రంధ్రం. ఆ రంధ్రంలో లోపలి గోడ ఏటవాలుగా ఉన్న ఒక గిన్నె, అంటే పైన వెడల్పు, కింద ఇరుకు. ఆ గిన్నెకీ పైపుకీ మధ్య నాలుగు ఉక్కు ముక్కలు దిగుతాయి. వాటినే స్లిప్పులు అంటారు. స్లిప్పుల వీపు ఏటవాలుగా, పైపుని తాకే ముఖం పళ్లతో ఉంటుంది. దూలం పైకి లేస్తుంటే స్లిప్పులు గిన్నెలో కిందికి జారి పైపుని నొక్కుతాయి. ఎంత బలంగా లాగితే అంత గట్టిగా పట్టుకుంటాయి. క్లాంపులా బోల్టుల బిగువు మీద ఆధారపడవు.

ఇలాంటి గిన్నే, స్లిప్పులూ ఇంకో జత కింద, కదలని బేస్ మీద ఉంటాయి. నా దృష్టిలో ఈ పరికరం ప్రాణం ఆ కింది జతలోనే ఉంది. సిలిండర్లు ఒక స్ట్రోకు, అంటే దాదాపు 40 సెంటీమీటర్లు, లేచి పైపుని తెస్తాయి. తర్వాత దూలం దించుతుంటే పైస్లిప్పులు వదులవుతాయి, పైపు వెనక్కి దిగబోతుంది. వెంటనే కింది స్లిప్పులు పట్టేసుకుంటాయి. వచ్చిన 40 సెంటీమీటర్లు మనవే. క్రేన్ లాగింది లాగినట్టే చేజారేది, ఇది సంపాదించింది పోగొట్టదు.

బలం లెక్క కూడా చెబుతాను. 100 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిలిండరుకి 200 బార్ ఒత్తిడి ఇస్తే 16 టన్నులు లేపుతుంది. రెండు కలిపి 32 టన్నులు. మీ పైపుకి అది చాలు. ఇంకా పెద్ద సిలిండర్లు పెట్టాలన్న ఆశ వద్దు. 7.1 మిల్లీమీటర్ల గోడ ఉన్న మామూలు ఉక్కు పైపు ఒంటిగా 80 టన్నులకు పైగా తట్టుకోగలదు, నిజమే. కానీ మర కోసిన చోట, మరను బట్టి, గోడలో రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోతుంది, మిగిలినదాన్ని తుప్పు తింటుంది. జాయింటు ఎంత తట్టుకుంటుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. మేం 30 టన్నులు దాటకూడదని గీత గీసుకున్నాం.

చేయించుకునేటప్పుడు చాలామంది సిలిండర్ల మీద పెట్టే శ్రద్ధ కింద నేల మీద పెట్టరు. పైకి 16 టన్నులు లాగితే అదే 16 టన్నులు బేస్ కింద నేలను నొక్కుతుంది. మెత్తటి నేల చదరపు మీటరుకు 10 టన్నులు మోస్తుందనుకుంటే కనీసం 1.6 చదరపు మీటర్ల ఆనింపు కావాలి. 30 టన్నుల దాకా వెళ్లేటట్టయితే 3 చదరపు మీటర్లు. మందపాటి చెక్క దుంగలు రెండు వరసలు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చండి. బోరు నోటి చుట్టూ నేల ఎలాగూ వదులుగా ఉంటుంది, కాబట్టి దుంగలు అక్కణ్నించి బయటికి చాచి ఉండాలి. ఒకవైపు కుంగితే దూలం ఒరుగుతుంది, పైపు వంకరగా లాగబడుతుంది, స్లిప్పులు ఒకవైపే కొరుకుతాయి. మాకు ఒకసారి అలా పల్చటి పైపు కోడిగుడ్డులా నొక్కుకుపోయింది.

స్లిప్పుల గురించి ఇంకో రెండు ముక్కలు. పళ్ల ముఖానికి నూనె తగలనివ్వొద్దు, వీపుకి మాత్రం గ్రీజు దట్టంగా రాయాలి. వీపు గిన్నెలో జారాలి, ముఖం పైపుని కొరకాలి. కొత్తవాళ్లు జాలిపడి రెండువైపులా గ్రీజు రాస్తారు, స్లిప్పులు సర్రుమని జారిపోతాయి. ప్రతి రెండు మూడు స్ట్రోకులకు పళ్ల సందుల్లో తుప్పు పొట్టు ఇరుక్కుంటుంది, వైరు బ్రష్‌తో గీకేయాలి. గిన్నె రంధ్రం, రెండు పైపుల్ని కలిపే లావుపాటి కప్లింగ్ కూడా పట్టేంత పెద్దగా చేయించండి. కప్లింగ్ వచ్చినప్పుడు ఒక జత పట్టుకుని ఉండగా రెండో జత పూర్తిగా తీసి, దాన్ని దాటించి, మళ్లీ వేయాలి. రెండు జతలూ ఒకేసారి తీసేసిన క్షణం పైపు మొత్తం బోరులోకి వెళ్లిపోతుంది.

ఇప్పుడు మొదటి అంగుళం. జాకీతో మేం చేసిన మొదటి పని ఇప్పటికీ కళ్లముందే ఉంది. మోటారు తీసేశాం. పైపు చుట్టూ నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చాం. పొద్దున ఒత్తిడి మెల్లగా పెంచుతూ 125 బార్ దగ్గర, అంటే 20 టన్నుల దగ్గర, ఆపేశాం. పైపు కదల్లేదు. నాకు టెన్షన్ పెరిగి ఇంకాస్త పెంచుదామన్నాను. మేస్త్రీ వద్దన్నారు. పైపు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, పక్కన దూరంగా పాతిన రెండు మేకులకు దారం కట్టి, ఆ గీతకు ఆనించారు. వాల్వు మూసి కూర్చున్నాం. అరగంటకి గేజ్ ముల్లు 120కి వచ్చింది. సిలిండరు లీకేమో అనుకున్నాను. మేస్త్రీ గేజ్ వైపు చూడనే లేదు, దారం దగ్గర వంగి చూస్తున్నారు. సుద్ద గీత దారానికి పైన ఉంది, గోరంత ఎత్తున. పైపు పాకుతోంది. మళ్లీ 125కి తెచ్చాం, మళ్లీ ఆగాం. మూడోసారికి లోపల్నించి మూలుగు లాంటి శబ్దం వచ్చి పైపు రెండు అంగుళాలు లేచింది. ఆ తర్వాత 80 బార్ దాటాల్సిన పనే రాలేదు.

దారం దూరంగా పాతిన మేకులకే కట్టాలి. జాకీ బేస్‌కి కడితే బేస్ కుంగినంతా పైపు లేచినట్టు కనబడి మోసపోతాం.

అదే దారంతో ఇంకో ఉపయోగం ఉంది. ఎంత పట్టినా పైపు రాకపోతే అది ఎక్కడ బిగిసిందో కొంతవరకు తెలుసుకోవచ్చు. ఉక్కు రబ్బరులా సాగుతుంది, కాకపోతే చాలా కొద్దిగా. 7.1 మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపు మీద లాగుడు 10 టన్నులు పెంచితే, బిగుసుకోకుండా ఉన్న ప్రతి 10 మీటర్లకూ సుమారు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక బోరులో 5 టన్నుల దగ్గర ఒక గీత, 15 టన్నుల దగ్గర ఒక గీత పెట్టాం. మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. అంటే పైనున్న 18 మీటర్లు దాదాపు వదులుగానే ఉన్నాయి, అసలు పట్టు ఆ కింద. బిగువు వదిలి, లోపలినుంచి కోసే కట్టరు దించి 17 మీటర్ల దగ్గర కోశాం. పైభాగం తేలిగ్గా వచ్చేసింది. పట్టు పైనుంచి కిందిదాకా పరుచుకుని ఉంటే ఈ లెక్క అంత సరిగ్గా రాదు కానీ, కట్టరు ఎక్కడ పెట్టాలో గుడ్డిగా ఊహించడం కన్నా చాలా నయం.

పైపు తల తుప్పు పట్టి స్లిప్పులు కొరికితే ఊడిపోయేలా ఉంటే, లోపలినుంచి పట్టుకోవచ్చు. దానికి స్పియర్ అనే పరికరం ఉంది. అదీ దొరక్కపోతే ఇసుకతో పట్టే పాత పద్ధతి ఉంది, నాకు దాని మీద చాలా గౌరవం. కేసింగ్‌లోకి దాని వ్యాసంలో సగం ఉండే పైపు, మీకైతే మూడంగుళాలది, కింది కొసకి గోనెపట్టాలు చుట్టి కట్టి దించుతారు. రెండు పైపుల మధ్య సందులో శుభ్రమైన గరుకు ఇసుక మెల్లగా పోస్తారు. గోనె ఇసుకను కిందికి జారనివ్వదు. లోపలి పైపుని నెమ్మదిగా పైకి లాగితే ఇసుక బిగుసుకుని రెంటినీ ఒకటి చేసేస్తుంది. చాలు అనుకున్నప్పుడు నీళ్లు కొట్టి ఇసుక కడిగేస్తే మళ్లీ వదిలేస్తుంది. బోరు అడుగున ఉండే జల్లెడ పైపులు తీయడానికి దీన్ని ఎక్కువగా వాడతారు, ఎందుకంటే లాగే బలం పైతల మీద కాక లోపల చాలా పొడవున పడుతుంది.

ప్లాస్టిక్ కేసింగ్ అయితే ఇదంతా మర్చిపోండి. అతికించిన జాయింటు ఊడొస్తుంది, స్లిప్పుల కింద పైపు నలిగిపోతుంది.

జాగ్రత్తల్లో నేను పట్టుబట్టేది ఒక్కటే. బిగువులో ఉన్నప్పుడు దూలం మీద గానీ, పైపు తలకి ఎదురుగా గానీ ఎవరూ ఉండకూడదు, స్లిప్పుల దగ్గర చెయ్యి అస్సలు పెట్టకూడదు. 20 టన్నుల దగ్గర జాయింటు తెగితే ఆ సాగిన ఉక్కు అంతా ఒక్కసారిగా ఎగురుతుంది. స్లిప్పులకు పొడవాటి పిడులు వెల్డింగ్ చేయించండి. పంపు ఆపరేటరు హోసు పొడవు దూరంలో నిలబడాలి. కింది గిన్నె పైన అదనంగా ఒక బోల్టు క్లాంపు ఎప్పుడూ బిగించి ఉంచండి.

పైపు లేస్తుండగా కింద గుంత ఖాళీ అవుతుంది, గోడలు కూలతాయి. బోరు మూసేయడానికే తీస్తున్నట్టయితే లాగే ముందే సన్నటి పైపు అడుగుదాకా దించి సిమెంటు ముద్ద పంపండి. కేసింగ్ లేచే కొద్దీ పోస్తూ, ముద్ద మట్టం ఎప్పుడూ కేసింగ్ అడుగు కన్నా పైనే ఉండేలా చూసుకోవాలి. బోర్లు మూయడానికి చాలాచోట్ల ప్రత్యేక నిబంధనలు ఉంటాయి, ముందే కనుక్కోండి. పని మధ్యలో ఆగి రాత్రి ఇంటికి వెళ్లాల్సి వస్తే, ఒక్క గంటకైనా సరే, నోటి మీద ఉక్కు రేకు వేసి బోల్టు బిగించే వెళ్లండి. ఆరంగుళాల రంధ్రం చిన్నగానే కనిపిస్తుంది. పసిపిల్లలు జారిపోవడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

మీ పైపు గోడ మందం ఎంత, జాయింట్లు మరవా వెల్డింగువా, రిగ్గుతో లాగినప్పుడు పైపు కొద్దిగా అయినా సాగి వెనక్కి వచ్చిందా, ఈ మూడూ రాయండి. వెనక్కి వచ్చి ఉంటే అది బహుశా ఇంకా తెగలేదు.