ఫైబర్ వేశాక లింక్ లైట్ రాకపోతే

"రెండు నెట్‌వర్క్ స్విచ్‌ల (కంప్యూటర్లను కలిపే పెట్టెల) మధ్య ఫైబర్ (వెలుతురుతో డేటా మోసే గాజు కేబుల్) వేశాను, కనెక్షన్ కలిసిందని చూపే లింక్ లైట్ రావట్లేదు, కేబుల్ పోయినట్టేనా?" అనేది కదా మీ ప్రశ్న. అప్పుడే కేబుల్‌ని తిట్టుకోకండి. ఫైబర్ తగిలించడానికి స్విచ్‌లో దూర్చే చిన్న ముక్కకి, అంటే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌కి, మామూలుగా రెండు రంధ్రాలుంటాయి, ఒకటి వెలుతురు పంపేది, రెండోది అందుకునేది; ఇవతల పంపేది అవతల అందుకునేదానికి చేరాలి. పంపేదాన్ని పంపేదానికే కలిపితే ఇద్దరూ మాట్లాడుతూనే ఉంటారు, వినేవాడే ఉండడు. కేబుల్ ఒక చివర క్లిప్పు విప్పి, రంధ్రాల్లో దూరే రెండు పిన్నుల్నీ అటూ ఇటూ మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితోనే తేలిపోతుంది.

అప్పటికీ వెలగకపోతే కేబుల్ రంగు చూడండి. పసుపు రంగైతే సాధారణంగా సింగిల్‌మోడ్ (వెలుతురు ఒకే దారిలో వెళ్లే రకం), అందులో వెలుతురు నడిచే గాజు దారి సుమారు 9 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తలవెంట్రుక కంటే ఎంతో సన్నం. ఆక్వా (లేత నీలి-ఆకుపచ్చ) రంగుది మల్టీమోడ్ (వెలుతురు చాలా దారుల్లో వెళ్లే రకం), అందులో ఆ గాజు దారి 50 మైక్రాన్లు. కేబుల్ ఒక రకం, మాడ్యూల్ ఇంకో రకం అయితే లింక్ మీద ఆశ పెట్టుకోకండి.

అన్నట్టు, పిన్ను కొనని వేలితో ముట్టుకోవద్దు, ఆ కాస్త జిడ్డు చాలు సిగ్నల్ పడిపోవడానికి. వెలుగుతోందా లేదా అని కన్ను పెట్టి అసలే చూడొద్దు, ఆ కాంతి దాదాపు కనపడదు కానీ కంటికి దెబ్బ తగలొచ్చు.