కాలనీ రోడ్లు కార్పొరేషన్‌కి అప్పగించడం మంచిదేనా? మా కాలనీ అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: చిత్తూరులో మురకంబట్టు వైపు మీ లేఅవుట్ వేసి ఇరవై ఏళ్లు దాటింది, రోడ్లు ఇప్పటికీ లేఅవుట్ వేసిన ఆయన పేరు మీదే ఉన్నాయి, వాటిని కార్పొరేషన్‌కి ఇచ్చేద్దామని అసోసియేషన్‌లో సగం మంది, ఇస్తే గేటు పోతుంది, ఎవరు పడితే వాళ్లు తిరుగుతారని మిగతా సగం. అసలు వాళ్లు తీసుకుంటారా, తీసుకుంటే మనకు మంచిదా అని అడిగారు.

ఇచ్చేయండి అన్నా. కానీ "మా రోడ్డు బాగు చేయండి" అని అర్జీ రాసుకుని వెళ్లకండి. మేం అలా వెళ్లే రెండేళ్లు పోగొట్టుకున్నాం.

మాది తిరుచానూరు వైపు. 2003లో వేసిన లేఅవుట్, ఐదెకరాలు, 58 ప్లాట్లు, మూడు వీధులు, చివర పార్కు కోసం వదిలిన కొంచెం జాగా. లేఅవుట్ వేసిన పెద్దాయన గ్రావెల్ తోలించి వదిలేశారు. 2014లో ఇంటికి 15 వేలు వేసుకుని మొదటి రెండు వీధుల్లో సీసీ రోడ్డు మేమే పోయించుకున్నాం. అప్పట్లో అది మాకు గొప్పగానే ఉండేది, మా రోడ్డు, మా డబ్బు, మా గేటు అని. తర్వాత 2021 నవంబరు వానలొచ్చాయి. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లు ఖాళీ చేయించారు, తిరుపతిలో చాలా వీధులు నీళ్లలో ఉన్నాయి. ఆ వానకు మా రెండో వీధి సీసీ కింద మట్టంతా కోసుకుపోయి పలకలు పలకలుగా లేచింది. మూడో రోజు పొద్దున స్కూటర్ బయటికి తీయలేక నేనూ మా ఎదురింటి బావా చెప్పులు చేత్తో పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్లాం.

అర్జీ పట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్తే వాళ్లు చెప్పింది ఒక్క మాట. ఈ రోడ్డు మా రిజిస్టర్‌లో లేదు, ఇది ప్రైవేటు స్థలం, దీని మీద ప్రభుత్వ డబ్బు ఖర్చు పెడితే ఆడిట్‌లో మా జీతంలో కోస్తారు. మాకు ఒళ్లు మండింది. ఇంటి పన్ను కడుతున్నాం, నీటి పన్ను కడుతున్నాం, పక్క వీధివాళ్లు కట్టినంతే కడుతున్నాం, రోడ్డు దగ్గరికొచ్చేసరికి మేం పరాయివాళ్లమా అని. అప్పుడు అక్కడున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు, చిన్న వయసాయన, మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించారు. ఆ అరగంటే మాకు దారి చూపించింది, అందుకే దాన్ని వివరంగా రాస్తున్నా.

మన రాష్ట్రంలో మునిసిపాలిటీలకు 1965 చట్టం ఉంది, కార్పొరేషన్లకు 1955 నాటి హైదరాబాద్ కార్పొరేషన్ చట్టాన్నే 1994 చట్టం ద్వారా వర్తింపజేశారు. రెండింటిలోనూ పబ్లిక్ వీధి వేరు, ప్రైవేటు వీధి వేరు. జనం తిరిగినంత మాత్రాన, స్తంభాలకు లైట్లు వెలిగినంత మాత్రాన ఆఫీసు దాన్ని తన రోడ్డుగా చూడదు. ప్రైవేటు వీధికి చదును, కాలువ, లైటు చేయించుకోమని ఆ వీధి ఇళ్లవాళ్లకు నోటీసిచ్చి, చేయకపోతే తనే చేయించి ఆ ఖర్చు వాళ్ల దగ్గరే వసూలు చేసుకునే అధికారం కూడా మునిసిపాలిటీకి ఉంది. ఈ విషయం మా అసోసియేషన్‌లో ఒక్కరికీ తెలియదు. రోడ్డు మనదని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం గానీ, మనదైతే ఖర్చూ మనదేనని ఆలోచించలేదు.

మరి రోడ్డు పబ్లిక్ ఎలా అవుతుంది? లేఅవుట్ అప్రూవల్ ఇచ్చేటప్పుడే రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు ఉచితంగా గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయాలి. 2017 లేఅవుట్ రూల్స్‌లో ఇది స్పష్టంగానే ఉంది, మొత్తం స్థలంలో కనీసం 10 శాతం ఖాళీ జాగా వదలాలని కూడా ఉంది, పనులు పూర్తి చేస్తారన్న హామీకి కొన్ని ప్లాట్లు తనఖా పెట్టించుకుంటారు. పాత లేఅవుట్లలో జరిగిందేమిటంటే, ప్లాన్ మీద రోడ్లు గీశారు, ప్లాట్లు అమ్మేశారు, గిఫ్ట్ డీడ్ మాత్రం రాయలేదు. ఇంకొన్నిచోట్ల పంచాయతీకి తెల్లకాగితం మీద రాసిచ్చి వదిలేశారు. చిత్తూరు 2012లో చుట్టుపక్కల పంచాయతీలను కలుపుకుని కార్పొరేషన్ అయింది కదా, మీ లేఅవుట్ అంతకుముందుది, కాబట్టి మీ కాగితాలు పాత పంచాయతీ రికార్డులోనే ఉండిపోయి ఉండొచ్చు. ముందు అది వెతికించండి. ఇప్పుడు తిరుపతి చుట్టూ ఉన్న పంచాయతీలను కలిపి గ్రేటర్ చేద్దామంటున్నారు గనక ఇటువైపు వాళ్లకూ ఇదే మాట చెబుతున్నా, విలీనం కాకముందే మీ పంచాయతీ నుంచి లేఅవుట్ ఫైలు నకలు తీసి పెట్టుకోండి.

మా విషయంలో 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు) తీయించి చూస్తే, రోడ్లూ పార్కూ కలిపి ఎకరా ఎనభై సెంట్లు ఆ పెద్దాయన పేరునే కనిపించింది. ఆయన అప్పటికి చనిపోయి ఐదేళ్లు దాటింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఇక్కడున్న చిన్న కొడుకు సరిగ్గా ఆ నెల్లోనే మూడో వీధి చివర అరవై అంకణాల బిట్టుకు కడీలు పాతించి బేరం పెట్టాడు. రికార్డులో మా నాన్న పేరుంది, స్థలం మాదే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ బిట్టు పోతే మూడో వీధిలో తొమ్మిదిళ్లకు బయటికెళ్లే దారి సగమైపోతుంది.

లాయర్ గారి దగ్గరికి వెళ్తే ఆయన సుప్రీంకోర్టు తీర్పొకటి చూపించారు, చేత్‌రామ్ వశిష్ఠ్ కేసు, ఢిల్లీ కార్పొరేషన్ మీద వేసింది. కార్పొరేషన్ ఉచితంగా రాసివ్వమని ఒత్తిడి చేసి యజమాని కాలేదు, కానీ ప్లాన్‌లో జనం కోసం వదిలిన స్థలాన్ని లేఅవుట్ వేసినాయన సొంతానికి వాడుకోలేడు, అక్కడివాళ్ల తరఫున ధర్మకర్తలా ఉంచాల్సిందే అన్నది దాని సారం. మాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. అతను ఆ బిట్టు అమ్మలేడు. కానీ ఎవరో ఒకరు ఇష్టంగా రాసిస్తే తప్ప కార్పొరేషన్‌కి అది రాదు. కోర్టుకెళ్తే గెలవొచ్చు, ఎన్నేళ్లకో తెలియదు.

మేం కోర్టుకు వెళ్లలేదు. చెన్నైలో ఉన్న ఆయన కూతురి ఇంటికి నలుగురం బయల్దేరి వెళ్లాం. ఆ అక్క మమ్మల్ని లోపలికి పిలిచి భోజనం పెట్టి, మా నాన్న ప్లాట్లు అమ్మేటప్పుడు రోడ్డుంది, పార్కుంది అని చెప్పే కదా అమ్మారు, ఇప్పుడు లేదంటే ఆయన మాట పోతుంది అంది. బెంగళూరులో ఉన్న అన్నకు తనే ఫోన్ చేసింది. ఇద్దరూ సరేనన్నాక చిన్నవాడు ఇంకో ఎనిమిది నెలలు తిరిగాడు గానీ చివరికి సంతకానికి వచ్చాడు. ముగ్గురి సంతకాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్, ఒరిజినల్ ప్లాన్, ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం), ఇవన్నీ ఒకచోటికి చేర్చడానికి పట్టిన కాలమే ఈ వ్యవహారంలో ఎక్కువ. మీ లేఅవుట్ వేసినాయన బతికే ఉన్నారని రాశారు. అన్నా, ఈ ఒక్క కారణంతో మీరు ఆలస్యం చేయకూడదు. ఆయన ఒక్కరు సంతకం పెడితే అయ్యే పని, రేపు ఐదారుగురు వారసుల చేత పెట్టించాల్సి వస్తుంది, అందులో ఒకరు అమెరికాలో ఉంటే ఆ టెన్షన్ వేరే.

గిఫ్ట్ డీడ్ అయ్యాక టౌన్ ప్లానింగ్ వాళ్లు టేపు పట్టుకుని వచ్చారు. ఇక్కడ కాలనీలో గొడవలు మొదలయ్యాయి. ప్లాన్‌లో 30 అడుగులుంటే నేల మీద కొన్నిచోట్ల 24 కూడా లేదు. ఒకరి మెట్లు రోడ్డు మీద, ఒకరి సంపు రోడ్డు కింద, ఒకరు బోరు వేసి చుట్టూ గోడ కట్టేశారు. మా ఇంటి ర్యాంపు మూడడుగులు బయటికుంది, నేనే ముందు కొట్టించాను, కొట్టించకుండా పక్కవాళ్లను అడగలేను కదా. సంపు ఉన్నాయన ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. నీళ్లు పోయే దారి ఇంకో పెద్ద సమస్య. సిమెంటు ఎంత మందంగా పోశామో వాళ్లు పట్టించుకోలేదు, ఈ వీధి నీళ్లు ఎక్కడికి పోతాయి అన్నదే అడిగారు. మా వీధి కాలువ ఎక్కడా కలవదు, కిందున్న వంకలోకి వెళ్లే దారిని లేఅవుట్ వేసినప్పుడే పూడ్చేశారు. 2021లో మా రోడ్డు లేచిపోవడానికి అసలు కారణం అదే. వంక దాకా కాలువ తవ్వించుకున్నాకే ఫైలు కదిలింది. ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం, అది న్యాయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. లేఅవుట్ వేసినవాళ్లు మిగుల్చుకున్న డబ్బును ఊరంతా పన్నులుగా కట్టడమెందుకు? ప్రతి కాలనీ చేయాల్సిన పని చేయకుండా మా రోడ్డు తీసుకోండని వస్తే, లైట్లు, ఊడ్చేవాళ్లు, కాలువ పూడిక, ప్యాచ్ వర్కు అన్నీ ఊరి నెత్తినే పడతాయి. కార్పొరేషన్ ఆచితూచి తీసుకోవడంలో తప్పులేదు.

గేటు సంగతి. మా దగ్గర కూడా భయం ఉండేది, మరీ ముఖ్యంగా బ్రహ్మోత్సవాలప్పుడు. గరుడ సేవ రోజు కొండ కింద ఎక్కడ సందు దొరికితే అక్కడ భక్తుల కార్లు పెట్టేస్తారు, మన ఇంటి ముందు నుంచి మన బండే తీయలేం. రోడ్డు పబ్లిక్ అయ్యాక గేటుకు తాళం వేయకూడదు, ఎవరినీ ఆపకూడదు, ఇష్టం వచ్చినట్టు స్పీడ్ బ్రేకర్లు కట్టకూడదు, వినాయక చవితి పందిరి వేయాలన్నా పర్మిషన్ తీసుకోవాలి. ఇవన్నీ నిజమే, దాచను. గరుడ సేవ రోజు ఇప్పుడు మా వీధిలో కార్లు నిలుస్తున్నాయి.

అయినా నేను గేటు తీయమనే వైపే నిలబడ్డాను. మా కాలనీ వెనక పాత పల్లె ఒకటుంది, నలభై ఇళ్లు. మేం గేటు పెట్టినప్పటి నుంచి వాళ్ల పిల్లలు బడికి చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు, మాకు పాలు పోసే అక్క తెల్లారి ఐదుకు క్యాన్లు మోసుకుని పొలం గట్ల మీద వచ్చేది, మా ఇళ్లకే పాలు తెస్తూ! సర్వే ఆఫీసులో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసినప్పుడు చూశాం, మా రెండో వీధి పక్కనే పాత బండి బాట గీసి ఉంది. లేఅవుట్ రాకముందు నుంచీ అది ఆ పల్లె దారి. దాని మీద గేటు పెట్టే హక్కు మాకెప్పుడూ లేదు. మీటింగులో ఆ కాగితం చేతులు మారుతుంటే ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం గేటు తీసేశాం. వాచ్‌మన్ ఉన్నాడు, కెమెరాలున్నాయి, వాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

చివరికి మొదటి రెండు వీధులూ తీసుకున్నారు. మూడో వీధి తీసుకోలేదు, అక్కడ వెడల్పు 18 అడుగులే ఉంది. రెండు వైపులా ఇళ్లవాళ్లు తలా కొంచెం వదిలితే మళ్లీ చూస్తామన్నారు. ఆ తొమ్మిదిళ్లలో ఆరుగురు ఒప్పుకున్నారు, ముగ్గురితో మాట్లాడుతున్నాం. ఈలోపు ఆ వీధి లైట్లకు, పూడికకు 58 ఇళ్లవాళ్లమూ కలిసే డబ్బు వేసుకుంటున్నాం, మా వీధి అయిపోయింది కదా అని వాళ్లను వదిలేయడం సరికాదు.

ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) కట్టేశాం కాబట్టి రోడ్లు వాటంతటవే వెళ్లిపోతాయని మీ దగ్గర ఎవరో అన్నట్టు రాశారు. అలా కాదు. ఎల్‌ఆర్‌ఎస్‌లో మీ ప్లాటు క్రమబద్ధమవుతుంది, ఖాళీ జాగా వదలనిచోట ఓపెన్ స్పేస్ ఛార్జీలు కట్టించుకుంటారు. రోడ్డు స్థలం ఎవరి పేరున ఉందన్నది వేరే సంగతి, దానికి గిఫ్ట్ డీడ్ ఉండాల్సిందే.

ఈ వారంలో రెండు పనులు చేయండి. మీ సర్వే నంబరుకు 1బీ, ఎఫ్‌ఎంబీ నకళ్లు తీయించండి. లేఅవుట్ వేసిన పెద్దాయన దగ్గరికి అసోసియేషన్ లెటర్‌హెడ్ పట్టుకుని కాకుండా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు మామూలుగా వెళ్లి కూర్చుని మాట్లాడండి. మీ ప్లాన్ మీద ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఉందో లేదో, వీధులు ఎన్ని అడుగులున్నాయో ఇక్కడే రాస్తే, మా గిఫ్ట్ డీడ్ ఎలా రాయించామో ఆ పాయింట్లు మీకు రాసి పెడతాను.