ఒరేయ్ తమ్ముడూ, ముందు టిఫిన్ తిను

నిన్న రాత్రి మరదలు ఫోన్ చేసింది. ఒకటో తారీఖు నుంచి అయ్యప్ప మాల వేసుకున్నట్టు 41 రోజులు రసాలే తాగుతావట, తెల్లారి ఐదింటికే చెరువు గట్టున ఒక్కడివే నడుస్తావట. 63 ఏళ్లొచ్చాక నీకింత పట్టుదల పుట్టిందని సంతోషమేసింది, మొన్నటిదాకా సందు చివర పాల ప్యాకెట్‌కి కూడా స్కూటర్ తీసేవాడివి కదా. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

వాట్సాప్‌లో నీ రిపోర్టులు చూశాను. నడుము కొలత మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లలోపు ఉండాలి, నీది 104. ట్రైగ్లిజరైడ్స్ అని రక్తంలో కొవ్వు, బీపీ, షుగర్ అన్నీ ఎక్కువే. ఇలాంటి తేడాలు మొత్తం ఐదు, వాటిలో మూడు కలిసి ఉంటేనే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, నీకు నాలుగున్నాయి. లివర్ రక్తపరీక్ష ఎస్‌జీపీటీ నార్మలేగా అని మురిసిపోకు, లివర్‌కి కొవ్వు పట్టినా అది నార్మల్‌గానే ఉండొచ్చు. లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ కావాలేమో డాక్టర్‌ని అడుగు. నేను మందు ముట్టను కదా అని మాత్రం నా దగ్గర అనకు. నేనూ ముట్టలేదు.

పదేళ్ల కిందట నేనూ ఇదే పని చేశానురా, మీ వదినకి కూడా ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు. అన్నం మానేశాను, డాక్టర్ రాసిచ్చింది కదా అని గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర మాత్రం మానలేదు. మనం తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుందని నాకెవరు చెప్పారు, నేనెవరిని అడిగాను గనక! నెల తిరక్కుండానే ఏడు కిలోలు తగ్గాను, కనబడ్డవాళ్లందరికీ బెల్టుకి కొత్తగా పొడిచిన బెజ్జం చూపించాను. ఒకరోజు పొద్దున ఇందిరా పార్కు గేటు దగ్గర షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట ముద్దగా వస్తోంది. పక్కనుంచి పోతున్న ఆయన "పొద్దున్నే తాగేసొచ్చాడు" అన్నాడు. చుక్క ముట్టనివాణ్ణి, అది విని కూడా నోరు పెగల్లేదు. చాయ్ బండి అతను డబ్బాలోంచి గుప్పెడు చక్కెర తీసి నా అరచేతిలో పోసి "నమలండి సాబ్, నమలండి" అన్నాడు. జేబులో ఫోన్ లేదు, ఇంటి అడ్రస్ రాసిన చీటీ కూడా లేదు. అతను చూడకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించను.

పోయిందంతా కొవ్వేనా అంటే అదీ కాదు, తొడల కండ కూడా కరిగింది. తర్వాత చాన్నాళ్లు పూజలో కూర్చుంటే మంచంకోడు పట్టుకుని లేచాను.

అందుకని తిండి మార్చేముందే డాక్టర్‌తో మాట్లాడి మాత్రల డోసు చూపించుకో. అన్నం సగం చెయ్యి, పప్పూ గుడ్డూ పెంచు, ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచడం ఆపు. నీ 88 కిలోల్లో నాలుగైదు తగ్గినా లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, లోపలి వాపు తగ్గాలంటే ఆరు నుంచి తొమ్మిది కిలోలు, అదీ నెలల మీద. ఎవరో ఇచ్చారన్న ఆ తిప్పతీగ కషాయం పారబొయ్యి, దాంతో లివర్ దెబ్బతిన్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు.

చిన్నప్పుడు నాతోపాటు శివరాత్రి ఉపవాసం ఉంటానని మారాం చేసి, మధ్యాహ్నానికల్లా వంటింట్లో అరటిపండుతో దొరికిపోయావు గుర్తుందా? అప్పుడే నీకు బుద్ధి ఎక్కువుండేది వెధవా.

ఆదివారం పొద్దున మెట్రోలో వస్తున్నా, ఇద్దరం కలిసే నడుద్దాం. జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకో, నేను తడిమి చూస్తాను. రాగానే తినడానికి ఇడ్లీ వెయ్యమని మరదలికి చెప్పు, నీకూ నాకూ.