గేర్‌బాక్స్ పాడైతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: పిల్లలిద్దరినీ బడి దగ్గర దింపి ఆఫీసుకు వెళ్తాను. రానూపోనూ రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు, అంతా సిగ్నళ్ళ మధ్యే. మోకాలి నొప్పి వల్ల క్లచ్ తొక్కలేకపోతున్నాను. అందుకని సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొందామని రెండు చూశాం. ఒకటి డీలర్ దగ్గరున్న 2021 మోడల్ డీజిల్ ఆటోమేటిక్. ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను, తర్వాత ఎలాంటి క్లెయిమూ ఉండదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. రెండోది మావారి సహోద్యోగి సొంతానికి వాడుకుంటున్న పెట్రోల్ సీవీటీ (ఇదీ ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సే). దాని మీద బ్యాంకు లోన్ ఇంకో రెండు నెలలుంది. అది తీరాక పేరు మార్పిస్తాను, బండి ఇప్పుడే తీసుకెళ్ళండి అంటున్నారాయన. కొన్నాక గేర్‌బాక్స్ పాడైతే చట్టప్రకారం ఎవరిని అడగాలి? రెండింటిలో ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మా, ఇంకా అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగారు, సంతోషం. ఇలాంటి తగాదాలతో నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలావరకు గేర్‌బాక్స్ విప్పించి, బిల్లు కట్టేశాక వస్తారు. అప్పటికి వాళ్ళ చేతిలో ఉండే ఆధారం ఆ బిల్లు ఒక్కటే.

మీ రెండు బండ్లకూ వర్తించే సంగతి ఒకటుంది, ముందు అది చెబుతాను. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. మోసం అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 17 కింద చట్టమే కొన్ని ఉదాహరణలిచ్చింది. ఒకాయన వేలంలో గుర్రాన్ని అమ్ముతాడు. దానికి జబ్బుందని ఆయనకు తెలుసు, కొనేవాడికి మాత్రం చెప్పడు. అది మోసం కాదంటుంది చట్టం. ఆ కిందే ఇంకో ఉదాహరణ ఉంది. కొనేవాడు ‘మీరు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అంటాడు. అమ్మేవాడు నోరు మెదపడు. ఇక్కడ ఆ మౌనం, బాగుందని నోటితో చెప్పినదానితో సమానం. గుర్రం అదే, జబ్బూ అదే. కొనేవాడు అన్న ఆ ఒక్క మాటతో కేసు తలకిందులైంది.

ఆ గుర్రం స్థానంలో మీ గేర్‌బాక్స్‌ను పెట్టుకోండి. డబ్బు ఇవ్వకముందు అమ్మేవాళ్ళకు వాట్సాప్‌లో ఈ నాలుగు ముక్కలూ పంపండి: ‘గేర్‌బాక్స్, ఇంజిన్ ఇంతవరకు విప్పలేదనీ, పెద్ద యాక్సిడెంట్ కాలేదనీ, నీటిలో మునగలేదనీ, మీటర్‌లో చూపిస్తున్న కిలోమీటర్లు నిజమైనవేననీ నమ్మి తీసుకుంటున్నాం. వీటిలో ఏదైనా నిజం కాకపోతే ఇప్పుడే చెప్పండి.’ జవాబు వస్తే అది రాతలో ఉన్న హామీ అవుతుంది. రాకపోతే ఆ మౌనం మీకు పనికొస్తుంది. ఆ సందేశాలు చెరపకండి, ఫోన్ మార్చినా పాతది పారేయకండి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేస్తే అవి కోర్టులో సాక్ష్యంగా చెల్లుతాయి.

ఇక డీలర్ సంగతి. వస్తు విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 16 ఉంది. మామూలుగా మంచిచెడులు చూసుకోవాల్సిన బాధ్యత కొనేవాళ్ళదే అంటూ మొదలై, వెంటనే మినహాయింపులు చెబుతుంది. ఆ వస్తువు అమ్మడమే వృత్తిగా ఉన్నవాడికి మీరు మీ అవసరం ఫలానా అని తెలియజేసి, వాడి అనుభవం మీద ఆధారపడి కొన్నారనుకోండి. అప్పుడు ఆ వస్తువు మీ అవసరానికి సరిపోవాలన్న షరతు, కాగితం మీద రాయకపోయినా ఉన్నట్టే లెక్క. కాబట్టి ‘మాకు మంచి ఆటోమేటిక్ కావాలి’ అంటే చాలదు. ‘రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు, ఆగుతూ సాగుతూ నడిచే ట్రాఫిక్‌లో, హైవే ఎక్కేది ఎప్పుడో ఒకసారి. ఈ వాడకానికి ఈ బండి సరిపోతుందా?’ అని రాసి అడగండి.

మీ విషయంలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి, మీరు చూసిన 2021 డీజిల్ బండి ఆ కోవలోదే. ఈ డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది మసిని పట్టి ఉంచుకుని, బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. రోజూ ఐదారు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసే బండిలో మసి పేరుకుపోతూనే ఉంటుంది. ముందు డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి శక్తి తగ్గించుకుని ఈడుస్తుంది. చివరికి ఫిల్టర్ మార్చాల్సి రావచ్చు, అది చిన్న ఖర్చు కాదు. ఇందులో డీలర్ దాచిన లోపమేమీ లేదు, బండి తన స్వభావం ప్రకారమే నడిచింది. మీ వాడకం ఇదీ అని ముందే చెప్పి ఉంటే తప్ప ఇలాంటి కేసు నిలబెట్టడం కష్టం.

సెక్షన్ 16కు ఒక గండి ఉంది. ‘ఫలానా కంపెనీ ఫలానా మోడల్ ఇవ్వండి’ అని మీరే పేరు పెట్టి అడిగి కొంటే, అవసరానికి సరిపోవాలన్న షరతు వర్తించదని వాదించే వీలుంది. 1925లో ఇంగ్లండ్‌లో ఒక బుగాటి కారు కేసు నడిచింది. కొన్నాయన డీలర్‌తో, దూర ప్రయాణాలకు సౌకర్యంగా ఉండే కారు కావాలన్నాడు. డీలర్ బుగాటి అయితే సరిపోతుందన్నాడు. తీరా ఆ కారు ఆ పనికి పనికిరాలేదు. ఒప్పందంలో మోడల్ పేరుంది కదా, గ్యారంటీ, వారంటీ ఏవీ ఉండవన్న షరతు కూడా ఉంది కదా అని డీలర్ వాదించాడు. రెండూ చెల్లలేదు. డీలర్ మాట మీద ఆధారపడ్డాడు కాబట్టి కొన్నాయనే గెలిచాడు. మన సెక్షన్ 16 ఆ ఇంగ్లండ్ చట్టం నమూనాలోనే రాసింది. విదేశీ తీర్పు మన కోర్టులను కట్టిపడేయకపోయినా దారి చూపించడానికి పనికొస్తుంది. మీరు చేయాల్సింది కూడా అదే. అవసరం చెప్పి, సలహా అడిగి, ఆ తర్వాతే మోడల్ పేరు దగ్గరికి రండి.

‘ఉన్నది ఉన్నట్టుగా’ కాగితాన్ని తేలిగ్గా తీసుకోకండి. రాయకపోయినా ఉన్నట్టే భావించే షరతులను ఇరుపక్షాలూ ఒప్పుకుని తీసేసుకోవచ్చని వస్తు విక్రయ చట్టం సెక్షన్ 62 చెబుతోంది. మోసాన్ని మాత్రం ఏ కాగితమూ కాపాడదు. మీటర్ వెనక్కి తిప్పడం, మునిగిన బండిని తుడిచి పెట్టడం లాంటివి చేసినవాడు ఈ సంతకం వెనక దాక్కోలేడు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద అది మోసం నేరం కూడా కావచ్చు. అయినా బేరం దగ్గరే ఆ వాక్యం కొట్టేయించండి. కాదంటే కిందనే ‘ఇంజిన్, గేర్‌బాక్స్, డీపీఎఫ్‌లకు ఆరు నెలలు మాదే బాధ్యత’ అని రాయించి ముద్ర వేయించుకోండి. బండి మీద నమ్మకం ఉన్న డీలర్ ఏదో ఒక గడువుకు ఒప్పుకుంటాడు. ఏ గడువుకూ ఒప్పుకోకపోతే నేనైతే ఆ బండి వదిలేస్తాను.

డీలర్ నిజంగా ఆ బండికి యజమానేనా, లేక ‘పార్క్ అండ్ సేల్’ కింద ఎవరిదో పెట్టుకుని కమీషన్ మీద అమ్ముతున్నాడా అన్నది కూడా అడగండి. రెండోదైతే రేపు గొడవ వచ్చినప్పుడు ‘నేను మధ్యవర్తిని, ఓనర్‌ను అడగండి’ అంటాడు. రసీదు ఎవరి పేరు మీద ఇస్తున్నారో చూసుకోండి. 2022 డిసెంబరులో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, పాత బండ్ల డీలర్ రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. పాత యజమాని బండి అప్పగించిన సంగతి ఆన్‌లైన్‌లో తెలియజేశాక ఆ డీలరే యజమానిగా లెక్క. ఆ పత్రం చూపించమనడం మీ హక్కు.

మీవారి సహోద్యోగి మంచివారే కావచ్చు, ఆయన్ను నేను అనుమానించడం లేదు. కానీ ఆయన కార్ల వ్యాపారి కాదు. అందువల్ల సెక్షన్ 16 రక్షణ ఇక్కడ రాదు. సొంత బండి ఒకసారి అమ్ముకున్న మనిషి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళినా సాధారణంగా నిలవదు, సివిల్ కోర్టుకే వెళ్ళాలి. మీకు మిగిలేది ఆయన నోటితో, రాతతో చెప్పిన మాటలే. అందుకే ఆ వాట్సాప్ సందేశం ఆయనకే ముందు పంపమంటాను. ‘తెలిసినవాళ్ళను ఎలా అడుగుతాం’ అనుకోకండి. ఇప్పుడు అడిగితే అది మామూలు మాట, ఆరు నెలల తర్వాత అడిగితే నిందలా వినిపిస్తుంది.

ఆయన చెబుతున్న ‘బండి ఇప్పుడు, పేరు తర్వాత’ పద్ధతికి మాత్రం ఒప్పుకోవద్దు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని. బండి నాలుగు చేతులు మారినా, ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవారే పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంటే ఈ రెండు నెలల్లో మీరు నడుపుతుండగా ఏదైనా జరిగితే నోటీసు వెళ్ళేది ఆయనకు. మీ వారు ఈ ముక్క చెబితే ఆయనే వెనక్కి తగ్గుతారు.

మీ వైపు నష్టం బీమాలో ఉంది. యాజమాన్యం మారితే పాలసీ కూడా మారినట్టేనని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157 అంటుంది, కానీ ఆ రక్షణ ఎదుటివాళ్ళకు జరిగే నష్టం వరకే. మీ సొంత బండికి జరిగిన డ్యామేజీకి అది పనికిరాదని 1995లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్న 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, ఆ మేరకు ప్రీమియం తేడా మీరు కట్టాలి.

లోన్ ఉన్నంత మాత్రాన బండి వదులుకోవాల్సిన పని లేదు. బ్యాంకు నుంచి ఇంకా ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తెప్పించమనండి. ఆ మొత్తాన్ని ఆయన చేతికివ్వకుండా నేరుగా లోన్ ఖాతాలోకే కట్టండి. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 వచ్చాక ఆర్‌సీలో హైపోథెకేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) తీయించి, పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30ల మీద సంతకాలైన రోజే మిగతా డబ్బిచ్చి తాళంచెవి తీసుకోండి. ఒకే రాష్ట్రంలో రిజిస్టరైన బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. పెండింగ్ చలానాలు ముందే ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి.

ఏది తీసుకోమంటారు అన్నారు. మీ వాడకానికి పెట్రోలే, అదీ పైన చెప్పినట్టు లోన్ తీరి కాగితాలు సిద్ధమయ్యాకే. నేను మెకానిక్‌ను కాను, ఫైళ్ళలో చూసి నేర్చుకున్నదే చెబుతున్నాను. బండి చూడటానికి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్ళండి. మీరు వెళ్ళేసరికే స్టార్ట్ చేసి వేడి చేసి పెడితే ఇంకో రోజు రండి. బ్రేక్ మీద కాలుంచి, లివర్ ఆర్ (రివర్స్) నుంచి డీ (డ్రైవ్)కి మార్చి మనసులో లెక్క పెట్టండి. ఒకటి అనేలోపే గేరు పట్టాలి. రెండు, మూడు దాకా ఆగి, ఆ తర్వాత బండి ఒక్క ఉదుటున కదిలితే లోపల ఏదో అరిగింది. నడక వేగంలో వణికినా, ఎక్కువ సేపు ట్రాఫిక్‌లో నడిపాక కాలిన వాసన వచ్చినా అంతే. సీవీటీ ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో చూడండి. అందులో ప్రతి సర్వీసుకూ రాసిన కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ వచ్చి మీటర్‌తో కలవాలి. తక్కువ తిరిగింది అన్న ఒక్క మాటతో మురిసిపోకండి. ఏళ్ళ తరబడి చిన్న దూరాలే తిరిగిన బండిలో ఇంజిన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కక ఆయిల్ తొందరగా చెడుతుంది.

మెకానిక్‌ను తీసుకెళ్ళినప్పుడు ఆయన ఏం చూశాడో, ఏం చూడలేదో రెండూ రాయించండి. కొనేవాళ్ళు పరీక్షించుకుంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత అడగడానికి సాధారణంగా వీలుండదు. ‘గేర్‌బాక్స్ విప్పి చూడలేదు’ అన్న చిన్న వాక్యం రేపు మీ కేసును కాపాడవచ్చు.

కొన్నాక నిజంగానే గేర్‌బాక్స్ మొరాయిస్తే, ముందు బండి నడపడం ఆపండి. లోపం తెలిసి కూడా అభ్యంతరం చెప్పకుండా నెలల తరబడి వాడితే, వస్తువును అంగీకరించినట్టే లెక్క. తెరిపించే ముందు అమ్మినవాళ్ళకు రాతపూర్వకంగా తెలియజేసి, ఫలానా రోజు ఫలానా వర్క్‌షాప్‌లో తెరుస్తున్నాం, వచ్చి చూసుకోండి అనండి. స్కానర్‌లో వచ్చిన ఎర్రర్ కోడ్‌ల ప్రింటు, జాబ్ కార్డు, తీసిన పాత భాగాలు దాచండి. డీలర్ మీదైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. కారుకు మీరిచ్చిన డబ్బు 50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, డీలర్ ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే. ఐదు లక్షల వరకు ఫీజు కూడా లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి చూడండి, కొందరు డీలర్లు అక్కడే దిగివస్తారు.