కోత కాదు, అంచు చూసుకో అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పాలకొల్లులో ఫొటో ఫ్రేముల షాపు తెరిచావని, వారం తిరక్కుండానే మూడు వేళ్లకి ప్లాస్టర్లు పడ్డాయని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే టెన్షన్. ఆ గాట్లు ఎప్పుడు తగిలాయో నేను ఇక్కణ్ణుంచే చెప్పగలను. అద్దం కోస్తున్నప్పుడు కాదు, కోసిన ముక్క ఎత్తి పక్కన పెట్టేటప్పుడు. అవునా?

కోత నీకు వచ్చేసినట్టే. కట్టర్ చక్రానికి చుక్క కిరసనాయిలు, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే గీత, వెంటనే విరిచెయ్యడం. గీత సరిగ్గా పడలేదని దాని మీదే మళ్లీ గీశావో, చక్రమూ పోతుంది, అద్దమూ వంకరగా పగులుతుంది. ఎవరైనా టఫెన్డ్ గ్లాస్ తెచ్చి కొయ్యమంటే కుదరదని చెప్పెయ్. దాన్ని కొలతకి కోశాకే కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. ఇప్పుడు కోయబోతే మొత్తం పలుకులై రాలిపోతుంది.

అసలు సంగతి అంచు. అప్పుడే విరిచిన అంచు నున్నగా మెరుస్తుంది, అక్కడే మోసపోతాం. దానికి అటూ ఇటూ ఉండే గట్లు బ్లేడుకేమీ తీసిపోవు. అందుకే ముక్క చేతిలోంచి దిగకముందే రాయి పట్టాలి. కార్బొరండం రాయిని, అదే గరుకు సానరాయిని, నీళ్లలో ముంచి, గట్టు మీద ఏటవాలుగా ఆనించి, ఒకే వైపుకి తొయ్యి. రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే పెచ్చులు లేస్తాయి. మొదట గరగరమంటుంది, నాలుగైదు సార్లకి సరసరమని మెత్తబడుతుంది. అప్పుడు రెండోవైపు గట్టు, ఆ తర్వాత నాలుగు మూలలు. మూలలు చాలామంది వదిలేస్తారు, గుచ్చుకునేవి అవే.

ఫ్రేములోకి పోయే అద్దానికి ఇది చాలు. షెల్ఫుకో టీపాయ్ పైకో అయితే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) చెక్కముక్కకి చుట్టి 120, 220, 400 నంబర్లు వరసగా రుద్దు, నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తన. అయిందో లేదో వేలితో తడిమి చూడకు. పాత పంచె ముక్క లాగి చూడు, పోగు పట్టిందంటే ఇంకా పని ఉన్నట్టే.

రాయి ఆరనివ్వకు. పొడిగా రుద్దితే గాజు పొడి లేచి కళ్లలోకీ ఊపిరిలోకీ పోతుంది. కళ్లజోడు పెట్టుకో, టేబుల్ ఫ్యాన్ ఆపు. ఈ ఉక్కలో కష్టమే, నాకూ తెలుసు. చెమట చేతులతో అద్దం జారుతుంది, పట్టున్న గ్లవ్స్ కొనుక్కో. లుంగీ, ఉత్తకాళ్లు ఇంటి దగ్గరే. బల్ల మీది పలుకుల్ని అరచేత్తో తుడవకు, తడి పేపరుతో అద్ది తియ్యి.

నా కుడిచేతి చిటికెన వేలు వంగదని చిన్నప్పుడు నవ్వేవాడివి. నరసాపురం రేవులో గోదావరి దాటడానికి అద్దాలతో పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) ఎక్కాను. తొందరలో వాటికి రాయి పట్టలేదు. సఖినేటిపల్లి ఒడ్డుకి పంటు తగిలిన కుదుపుకి ఒకటి జారింది, పట్టుకోబోయాను. లోపల వేలిని వంచే నరం, టెండన్ అంటారే, అది తెగింది. అద్దం జారితే చేతులు లాక్కుని వెనక్కి దూకు, పోతే ఓ అద్దం పోతుంది. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి ఉంచు. ముక్క లోపల దిగిపోతే మాత్రం లాగకు, దాని మీద అదమకు, అలాగే ఆసుపత్రికి పో. టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడుగు. మీ అత్త అయితే ఆరోజు నా వేలికి గుప్పెడు పసుపు అద్దింది, డాక్టరుకి అది కడగడానికే అరగంట పట్టింది.

మన వైపు గాలిలో తేమెక్కువ కదా, షీట్ల మధ్య కాగితం వెయ్యకపోతే ఒకదానికొకటి అతుక్కుంటాయి. విడదియ్యబోయి పగలగొట్టుకుంటావు. షీట్లు నేల మీద పరచకు, కింద చెక్క వేసి గోడకి నిలబెట్టు.

ఆదివారం మీ అమ్మ వస్తే నా పాత రాయి ఇచ్చి పంపిస్తాను. ఒక పక్క గుంట పడింది, తిరగేసి వాడుకో.

మీ మావయ్య