లోగో వచ్చి రీస్టార్ట్ అవుతుంటే ఫార్మాట్ కొట్టేయాలా?

కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ 10 లోగో వచ్చి, చుక్కలు కాస్త తిరగ్గానే మళ్లీ రీస్టార్ట్ అవుతోంది, ఫార్మాట్ కొట్టేయనా అని అడిగారు కదా, అప్పుడే వద్దండి, ఫొటోలన్నీ సీ డ్రైవ్‌లోనే ఉన్నాయంటున్నారు, ఫార్మాట్ కొడితే అవీ పోతాయి.

ముందు ఆన్ చేయగానే డిలీట్ కీ, కొన్ని మదర్‌బోర్డుల్లో ఎఫ్2, టకటకా నొక్కి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్) వెళ్లి ఏమీ మార్చకుండా ఓ పావుగంట వదిలేయండి. అక్కడా రీస్టార్ట్ అయితే తప్పు విండోస్‌ది కాదు, ఎస్‌ఎంపీఎస్సో (లోపలి భాగాలకు కరెంటిచ్చే డబ్బా), ర్యామో (మెమరీ), ప్రాసెసర్ వేడెక్కడమో అయి ఉంటుంది. ప్లగ్ పీకేసి, ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, ఒక్కో స్టిక్కే పెట్టి చూడండి. మా ఇంట్లో వారం రోజులు విండోస్‌ని తిట్టుకున్నాక తేలిందేంటంటే, ప్రాసెసర్ ఫ్యాన్ నిండా దుమ్ము!

బయాస్‌లో నిలబడితే మాత్రం, లోగో రాగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత 9 నొక్కండి. ఇక దానంతటది రీస్టార్ట్ కాకుండా నీలం స్క్రీన్ మీద ఆగుతుంది, అందులోని స్టాప్ కోడ్ (ఏ తప్పో చెప్పే పేరు) ఫొటో తీసి పంపండి. ఈ మధ్యే అప్‌డేట్ పడి ఉంటే 9 దాకా ఎందుకు, ఆ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది, ముందు అది తీసేసి చూడండి.